చెవిలో నామం

నర్సింహులు పటేలు చస్తే చాలదు చంద్రవ్వకు. చచ్చాక కూడా సుఖపడకూడదు.

తాండూరులో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ, పెద్దేముల్‌లో కంది చేలు, కనుసైగకు పరుగెత్తే మనుషులు. అలా బతికిన పటేలుకు పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ పడిపోయాయి. మాట పోయింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయన్నారు.

పాపం పండిందన్న కబురు విని చంద్రవ్వ కడుపునిండా అన్నం తిన్నది. కొడుకు పోయిన తర్వాత అలా తినడం అదే మొదటిసారి.

ఆమె కొడుకు దిలీప్ పెద్దేముల్ నుంచి తాండూరుకు ఆటో నడిపేవాడు. పటేలు కూతురు నిరోషా చేసుకుంటే అతన్నే చేసుకుంటానని మొండికేసింది. ఇద్దరూ వికారాబాద్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకొని అదే ఆటోలో తిరిగి వస్తుంటే నాపరాళ్ల లారీ గుద్దింది. ఇద్దరిలో ఒక్కరూ దక్కలేదు. లారీని ఎవరు పంపారో ఊరందరికీ తెలుసు. తెలియనిదల్లా కోర్టుకే.

ఎలా తెలుస్తుంది? పటేలు భార్య అరుణాదేవి బోనెక్కింది. ఎదురుగా మరిది శ్రీహరి నిలబడి చూస్తుంటే, “మా ఆయన ఏ డ్రైవరుతోనూ మాట్లాడలేదు. ఆ రోజంతా నా కండ్ల ముందే ఉన్నడు” అని చెప్పింది. కేసు కొట్టేశారు. కన్నకూతుర్ని చంపినవాడిని కాపాడుకున్న ఆ తల్లిని తలుచుకుంటే చంద్రవ్వకు పటేలు మీద కన్నా ఎక్కువ మండేది.

ఇప్పుడా మహాతల్లి మొగుడికి మోక్షం ఇప్పించే పనిలో పడిందట. ఆ మాట చెప్పింది భజన గురువు బాలస్వామి. పటేలు ఇంటి నుంచి తిరిగొస్తూ పెద్దేముల్‌లో ఆటో కోసం నిలబడ్డప్పుడు చంద్రవ్వే పలకరించింది.

“భజన ఇడిసిపెట్టి వస్తున్నరేంది సామీ?”

“పటేలమ్మ వద్దన్నది. తాళాల చప్పుడు ఆయనకు పడదట. నామం చెవుల తానే చెప్తదట.”

“చెవుల చెప్తే ఏమైతది?”

బాలస్వామికి ఇష్టమైన సంగతి. చంకలోని తాళాల సంచి కింద పెట్టాడు.

“కృతయుగంల తపస్సు చేసిండ్రు. త్రేతల యజ్ఞాలు. ద్వాపరంల పూజలు. గీ కలియుగంల మనకు గంత తాకత్ యాడిది? గందుకే పెద్దలు నామం ఇచ్చిండ్రు. నోరు లేకున్నా ఫికర్ లేదు, చెవుల పడితే చాలు. ప్రహ్లాదుడు తల్లి కడుపుల ఉండి విన్నడు గద. ఆఖరి ఊపిరిల ఏ పేరు చెవుల ఉంటే జీవుడు గాడికే పోతడమ్మా.”

“మరి చేసిన పాపాలు?”

“దూది కుప్పకు నిప్పు పెట్టినట్టే.”

“పాపాలు కాలిపోతే, సచ్చినోళ్ల తల్లి ఏం గావాలె సామీ?”

బాలస్వామి తాళాల సంచి మళ్లీ చంకన పెట్టుకున్నాడు.

“నాకు తెల్వదమ్మా. కానీ పటేలమ్మ అసోంటి ఇల్లాలిని నేను చూడలే. మొగని చెవికి నోరు ఆనిచ్చి కూసున్నదంటే లేస్తలేదు. ఆయన కండ్లల్ల ఒకటే నీళ్లు. మొహం ఇటు తిప్పుతడు, అటు తిప్పుతడు. రెండు చెవులల్ల చెప్పమని అడుగుతున్నడు పాపం.”

చంద్రవ్వకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. తన కొడుకు రోడ్డు మీద నీళ్లు అడుగుతూ పోయాడు. వీడు వైకుంఠానికి పోతాడా? ఆ నామం తెంచాలి. వాడు తిట్లు వింటూ చావాలి.

తెల్లవారి తాండూరు బయలుదేరింది. ఆటోలో కూర్చున్నంతసేపూ నోటికొచ్చిన శాపనార్థాలన్నీ కూడబెట్టుకుంది.

పటేలు ఇంటి గడప దగ్గర శ్రీహరి అడ్డం నిలబడ్డాడు.

“నువ్వెందుకొచ్చినవే?”

“ఈ ఇంటి చేలల్ల కలుపు తీసినదాన్ని. ఆఖరిసూపు చూసి పోత.”

లోపలి నుంచి అరుణాదేవి పలికింది.

“రానియ్యి శ్రీహరీ. తలుపు దగ్గరికెయ్యి. మీరెవ్వరూ రాకండి, నామం తెగుతది.”

గదిలో అగరొత్తి వెలుగుతోంది. గోడకు అనంతగిరి పద్మనాభస్వామి పటం. తులసి తీర్థం గ్లాసు మీద మూత పెట్టినట్టే ఉంది. పటేలు రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. అరుణాదేవి అతని మీదికి వంగి, పెదవులు చెవికి ఆనించి, ఊపిరి సడి తప్ప బయటికి వినిపించకుండా చెప్పుకుపోతోంది.

“ఆపు” అన్నది చంద్రవ్వ.

ఆమె ఆపలేదు. తలెత్తి చూడనైనా లేదు.

“నా కొడుకును మింగినోన్ని సక్కగ సామి దగ్గరికి తోలుతున్నవా? నీది కడుపా, బండరాయా? నీ బిడ్డ యాదికి రాదా నీకు?”

పెదవులు ఆగలేదు. పటేలు కళ్లు మాత్రం చంద్రవ్వ వైపు తిరిగాయి. బతిమాలుతున్నాయి. నామానికి అడ్డం రావద్దని కాబోలు. ఎంత ఆశ చచ్చినోడికి, ఎంత ఆశ. చంద్రవ్వ పళ్లు కొరికింది.

పటేలు ఊపిరి గురకలోకి దిగింది. ఇంక ఎక్కువసేపు లేదు. చంద్రవ్వ కొంగు బిగించి ముందుకు పోయింది.

జుట్టు పట్టి ఆమెను ఈడ్చేయాలని మంచం మీదికి వంగిన చంద్రవ్వకు అప్పుడు వినిపించింది, అరుణాదేవి మొగుడి చెవిలో ఎడతెగకుండా పోస్తున్న జపం: “దిలీప్, నిరోషా... దిలీప్, నిరోషా... దిలీప్, నిరోషా...”