క్లిప్పు పట్టని తాడు

"తాతగారూ, ఇది బట్టలారేసే తాడా, ఏనుగును కట్టేసే తాడా?"

కోడలి చేతిలో క్లిప్పు విరిగింది. ఆ వారంలో అది నాలుగోది.

చివరి గదిలో కొత్తగా అద్దెకు దిగిన పెద్దాయన నవ్వాడు.

ఇంటికో గుంజ పాతి, ఏటి ఒడ్డు నుంచి మిట్ట మీది బడిదాకా ఒకటే తాడు లాగాడాయన. అడుగుకో ముడి. తాను ఆరేసుకునేది మాత్రం ఒక చీర ముక్క.

ఒంటరి మనిషికి చీరెందుకని వీధంతా చెవులు కొరుక్కుంది. అందులో కోడలిది ముందు వరసే.

"రోజూ అదే గుడ్డ ఉతుకుతారేంటండీ?" ఉండబట్టలేక అడిగింది.

"ఇంకా బురద వదల్లేదమ్మా."

"సరే, తాడు ఇంత కిందికా? నా చీరలు వీధి ఊడుస్తున్నాయి."

"మీ అత్తగారి చెయ్యి అందాలిగా."

అత్తగారు పొంగిపోయింది. మోకాళ్ళు అరిగిన మనిషి, ఆ తాడు పట్టుకుని రోజూ బడిదాకా వెళ్ళి కబుర్లాడి వచ్చేది.

"నా ఎత్తు చూసి మరీ కట్టాడు. నువ్వెప్పుడైనా చూశావా?"

వానలు మొదలవగానే పెద్దాయన గది ఖాళీ చేశాడు.

"పక్క ఊళ్ళో పనుందమ్మా. ముడులు మాత్రం విప్పకండి."

"హమ్మయ్య, ఇక సన్నతాడు కట్టుకోవచ్చు" అంది కోడలు, ఆయనకు వినపడేలాగే. కానీ రేపు విప్పుదాం, ఎల్లుండి విప్పుదాం అంటూ బద్ధకించింది.

పదోనాడు పొద్దున్నే ఏరు వీధిలోకి వచ్చేసింది. నడుం లోతు నీళ్ళు, లాక్కుపోయే వడి. మొగుడు పట్నంలో ఉన్నాడు. అత్తగారిని ఎత్తుకునే బలం కోడలికి లేదు.

"అత్తయ్యా, తాడు! ముడి వదలకండి!"

ముడి తర్వాత ముడి. రెండుసార్లు ఆవిడ కాళ్ళు తేలిపోయాయి. జారిన చేతులు ముడి దగ్గర ఆగాయి.

బడి మెట్లెక్కాక అత్తగారు రొప్పుతూనే అంది: "క్లిప్పు పట్టదని తిట్టిపోశావు. నా చెయ్యి పట్టింది చూడు!"

కోడలు ఆవిడను కావలించుకుని ఏడ్చింది.

సాయంత్రం పడవలో మంచినీళ్ళు తెచ్చిన మనిషి తాడు చూసి ఆగిపోయాడు.

"ఇక్కడా కట్టాడా మా బాబాయి! ఇది ఆరో ఊరు."

"మీ బాబాయా? ఏం చేస్తారాయన?"

"పడవ నడిపేవాడమ్మా. ఇది ఆయన పడవే, ఇప్పుడు ముట్టుకోడు."

"ఏం?"

"నాలుగేళ్ళ కిందటి వరదలో ఊరందరినీ దీంట్లో దాటించి, చివరికి పిన్నిని ఎక్కించబోతే చెయ్యి జారి, ఆయన గుప్పెట్లో చీర కొంగు ముక్కే మిగిలింది."