రిటర్ను పర్వం

"దొంగ!" అన్న గర్జన వెంటనే కార్డుల చెక్కపెట్టె గాలిలోకి లేచింది. అది వెంకటనారాయణ నుదుటిని చీల్చి, నేలమీద పడి, మూడువందల చిల్లుల కార్డులను గది నలుమూలలకూ వెదజల్లింది. విసిరినవాడు పట్టాభిరామయ్య. ఇద్దరూ ఒకే కర్మాగారంలో, ఒకే హోదాలో, నాలుగేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్న ప్రోగ్రామర్లు.

సంవత్సరం 1974. స్థలం మూసాపేట దాటాక ముళ్లపొదల నడుమ వెలసిన ఎలక్ట్రానిక్ కర్మాగారంలోని కంప్యూటర్ మందిరం. ఆ ఆవరణ మొత్తంలో చల్లగాలికి నోచుకున్న ప్రాణి ఆ యంత్రం ఒక్కటే. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని గాని దాని సన్నిధికి వెళ్లరాదని నియమం ఉండేది. నెత్తురు విషయంలో మాత్రం నియమావళి మౌనం వహించింది.

కయ్యానికి కారణం జనరల్ మేనేజరు యజ్ఞనారాయణ గారి ఆదాయపు పన్ను రిటర్ను. నాలుగు నెలల క్రితం ఆయన కొలువు తీర్చి శాసనం చేశారు: "ఈ ఏడు నా రిటర్ను ఈ యంత్రమే తయారు చెయ్యాలి. మీరిద్దరూ విడివిడిగా ప్రోగ్రాము రాయండి. మెరుగైనది నేను ఎంచుకుంటాను. ఆ రాసినవాడు ఈ విభాగానికి అధిపతి. రెండోవాడు జీడిమెట్ల గోదాములో బోల్టులు లెక్కపెట్టుకోవచ్చు."

ఈ ఉదయం రెండు ప్రోగ్రాములూ నడిచాయి. రెండు కాగితాలూ వచ్చాయి. పన్ను పైసలతో సహా ఒకటే. అది గణితధర్మం, తప్పు పట్టలేం. కాని రెండు కాగితాల అడుగునా పదకొండేసి నక్షత్రాలతో ఒకే అంచు! నక్షత్రాలు పన్ను చట్టంలో ఏ సెక్షను కిందకూ రావు.

"ఒకరిది చూసి ఒకరు రాశారు," అని యజ్ఞనారాయణ గారు తీర్పు చెప్పిన మరుక్షణమే పెట్టె లేచింది.

"ఏందివయా పట్టాభీ!" వెంకటనారాయణ కంట్లోకి కారుతున్న నెత్తురును మోచేత్తో తుడుచుకున్నాడు. "నాలుగు నెల్ల సంది నిద్ర లేకుంట నేను రాస్తే, ఎత్తుకపోయింది గాక నా నెత్తి పగలగొడ్తవా?"

"నీ రాత నేను ఎత్తుకుపోవడమా! మా ఇంట్లో మరమరాలు పొట్లం కట్టడానికి కూడా పనికిరాదండీ తమరి రాత!"

"గట్లనా? ఇగ సూడు."

పట్టాభిరామయ్య చూశాడు. కనబడినది ఇనుప స్టూలు. అది భుజం మీద దిగినప్పుడు లోపలెక్కడో ఎముక చిట్లిన చప్పుడు యంత్రం హోరును కూడా మించి వినిపించింది. కళ్లద్దాలు పగిలి ఒక పెంకు చెంపలో దిగబడింది. అయినా వీరుడు వెనుదీయలేదు. తలతో శత్రువు మూతిని కుమ్మాడు. ముందుపన్ను ఒకటి ఊడి, ప్రింటరు కిందికి దొర్లిపోయింది. గదాయుద్ధానికి గదలు లేని కొరతను కాగితపు చుట్టలు తీర్చాయి. అవి నలిగిపోయాక గోళ్లు, గోళ్లు విరిగాక పళ్లు.

ఆ కాళ్ల నడుమ కూర్చుని సక్కుబాయి కార్డులు ఏరుతోంది. ప్రోగ్రామర్లు రాసినదాన్ని కార్డుల మీద చిల్లులుగా కొట్టడం ఆమె ఉద్యోగం. శేరిలింగంపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది.

"సార్, జర కాలు తీయుండ్రి. కార్డు మీద నిలబడ్డరు."

పట్టాభిరామయ్య కాలు తీశాడు, ఆ కాలితోనే వెంకటనారాయణ పొట్టలో తన్నాడు.

"నువ్వు బయటికి వెళ్లమ్మా," అన్నారు యజ్ఞనారాయణ గారు, బల్ల వెనక నుంచి. "ఆడవాళ్లు చూసే దృశ్యం కాదిది."

"వరస పెట్టి పోత సార్. తారుమారైతే యంత్రం తీసుకోదు."

"మూడువందల కార్డులకి వరస ఎలా తెలుస్తుంది?"

"చిల్లులు చూస్తె తెలుస్తది సార్. రోజు కొట్టేదాన్ని గద."

కార్మికుల శ్రద్ధకు మేనేజరు గారి మనసు ఉప్పొంగింది. ఆ ఉప్పొంగులో తల కాస్త పైకెత్తగా, గురి తప్పిన పిడికిలి ఒకటి వచ్చి ఆయన ముక్కును చప్పిడి చేసింది.

అధికారి రక్తం చిందాక గాని యుద్ధం ఆగలేదు. రుమాలు అదుముకుని, ఆయన విచారణ మొదలుపెట్టారు.

"మీ కాగితాలు ఎవరికైనా చూపించారా?"

"ఒక్క మనిషి కంట కూడా పడలేదండీ," అన్నాడు పట్టాభిరామయ్య.

"నా కాయిదం పురుగు సుత చూడలే సార్," అన్నాడు వెంకటనారాయణ, పోయిన పన్ను సందులోంచి.

"సక్కుబాయీ, ఒకరి కాగితం గాని ఇంకొకరికి చూపించావా?"

"అమ్మతోడు, లేదు సార్."

ఆ మందిరంలో ఆనాడు పలికిన పూర్తి సత్యాలు ఈ మూడే.

యజ్ఞనారాయణ గారు గోడ మీది నల్లబల్లను చూపించి, ఇద్దరి చేతుల్లోనూ చెరొక సుద్దముక్క పెట్టారు.

"దొంగ ఎవరో ఇప్పుడే తేలిపోతుంది. బీమా మినహాయింపు తీసే ముక్క, అయిదంటే అయిదు పంక్తులు. సొంతంగా రాసినవాడికి చూడకుండా వచ్చి తీరుతుంది. రాయగలిగినవాడికి పదవి. రాయలేనివాడు రేపు పొద్దున్నే జీడిమెట్ల బస్సు ఎక్కుతాడు."

వెంకటనారాయణ బల్ల దగ్గరికి వెళ్లాడు. విరిగిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని పట్టాభిరామయ్యా వెళ్లాడు. ఇద్దరి గడ్డాల నుంచీ నెత్తురు చుక్కలు చుక్కలుగా నేలరాలుతోంది. బల్ల నల్లగానే ఉంది.

"ఊఁ, కానివ్వండి!"

ఇద్దరూ వెనక్కి తిరిగి తమ సుద్దముక్కలను సక్కుబాయి చేతిలో పెట్టారు.