చెక్క బూర

"ఆపవే ఆ పెట్టెని! చూడు, ఎట్లా కూర్చుందో," అన్నాడు డెల్మర్ కూతురితో, గొంతు తగ్గించి.

లోయకు అవతలి గట్టు మీద కయోటీ నక్క తీరిగ్గా కూర్చుని ఉంది. వారంలో తొమ్మిది గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయిన నక్క అది. దాన్ని రప్పించడానికి సేజ్ పొదలో దాచిన స్పీకరు పెట్టె కుందేలులా చావుకేకలు పెడుతుంటే పాట విన్నట్టు వింటోంది.

రోవెనా రిమోట్ నొక్కి పెట్టె ఆపింది. "నీ బూర ఊదితే మాత్రం వస్తుందా నాన్నా?"

"ఏది నటనో, ఏది నిజమో దానికి తెలుసే. నువ్వు తుపాకీ సరిచూసుకో."

డెల్మర్ జేబులోంచి కుందేలు కేకలు పలికించే చెక్క బూర తీసి ఊదాడు. మొదటి కేక బాగానే లేచింది. రెండోది మధ్యలో విరిగింది. మూడోది సన్నగా వణికి, గురగురలాడి, ఊపిరి చాలక తెగిపోయింది.

నక్క లేచి నిలబడింది. మరుక్షణం లోయలోకి దూకి, సూటిగా వాళ్ల వైపే పరుగెత్తుకొచ్చింది.

రోవెనా కాల్చింది. నక్క దొర్లి పడింది.

"చూశావా! నీ మిషను జన్మలో అరవగలదా అట్లా?" డెల్మర్ బండకు ఆనుకుని నవ్వబోయాడు. పెదవులు నీలం తిరిగి ఉన్నాయి.

పొద్దున గుట్ట ఎక్కుతూ, నక్క అడుగుజాడలు చూస్తున్నానని మూడుసార్లు ఆగాడు. ఆ బండల మీద ఒక్క జాడా లేదని రోవెనాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"పద నాన్నా, ఆస్పత్రికి."

"పిచ్చిదానా, కుందేల్లా నటించానే!"

"నటనైతే అది వచ్చేది కాదు నాన్నా."