పన్నెండు నాణేలు

గుప్పిట్లో పావు డాలరు నాణెం చెమటకి జారిపోతోంది. మారిట్ దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. కాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది.

"కాలు ఆపు తల్లీ, బల్లంతా అదురుతోంది," అన్నాడు పక్కనున్న డెస్మండ్. "ఫస్ట్ ర్యాంకు మనిషివి, నీకేంటి భయం?"

ఆ బల్ల చుట్టూ కూర్చున్న పన్నెండు మందీ ఎక్కడో ఒకచోట ఫస్టే. అందుకే వాళ్లని యూనివర్సిటీ ఏరికోరి ఈ ఆనర్స్ సెమినార్‌లో కూర్చోబెట్టింది. ఈ ఏడాది చర్చించే విషయం 'అబద్ధం'. ఫిలాసఫీ చెప్పే ఇంగ్రిడ్ మేడమ్, స్టాటిస్టిక్స్ చెప్పే లుండ్‌క్విస్ట్ గారు కలిసి నడుపుతారు. ఇక్కడ పరీక్షకి కాపలా ఉండదు. నిజాయితీగా ఉంటామని మొదటిరోజే అందరూ సంతకం చేస్తారు.

మొన్న పరీక్షయ్యాక హీటర్ వెనక మడతపెట్టిన జవాబుల కాగితం దొరికింది. ఎవరు పెట్టారో, ఎందరు చూశారో తెలియదు.

"పేర్లు నాకొద్దు, ఎంతమందో తెలిస్తే చాలు," అన్నారు లుండ్‌క్విస్ట్ గారు, అందరిచేతా తలో నాణెం ఎగరేయించి గుప్పిట్లో పట్టుకోమన్నాక. "బొమ్మ పడినవాళ్లు, ఆ కాగితం చూసినా చూడకపోయినా చేయెత్తాలి. బొరుసు పడినవాళ్లు నిజం చెప్పాలి. చూసుంటేనే ఎత్తాలి. ఎలాగూ సగం చేతులు లేస్తాయి. ఏ చేయి ఎందుకు లేచిందో నాక్కూడా తెలీదు. నాణెం మాత్రం ఎవరికీ చూపించకూడదు."

"అంటే దొంగలకి దొరలు గొడుగు పట్టాలన్నమాట," అన్నాడు డెస్మండ్. అందరూ నవ్వారు. మారిట్‌కి నవ్వు రాలేదు.

పేరు పోతే సెమినార్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతుంది. ఆ తర్వాత సొంతూరు డులూత్‌లో నాన్న చేపల ఎరల దుకాణంలో వానపాముల డబ్బాలు సర్దుకుంటూ బతకడమే.

గుప్పిట కాస్త విప్పి చూసింది. మళ్లీ మూసేసింది. ఎత్తకపోతే మాత్రం ఎవరికి తెలుస్తుంది? తెలియదు నిజమే. కానీ సంతకం పెట్టింది కదా. అయినా ఇంతమంది ఎత్తుతారు, తనొక్కతేనా ఏంటి?

"మూడు అనగానే ఎత్తండి. ఒకటి... రెండు... మూడు," అన్నారు లుండ్‌క్విస్ట్ గారు.

కళ్లు గట్టిగా మూసుకుని చేయెత్తేసింది. హమ్మయ్య అనుకుని కళ్లు తెరిచింది.

గదిలో లేచి ఉన్నది ఒక్క చేయి.

డెస్మండ్ కుర్చీ అవతలికి జరుపుకున్నాడు. "నువ్వా?" అన్నాడు మెల్లగా.

"ఈవిడగారి పుణ్యమా అని మనమంతా మళ్లీ పరీక్ష రాయాలన్నమాట," అంది ఎదురుగా ఉన్న అమ్మాయి.

ఇంగ్రిడ్ మేడమ్ లేచి వచ్చి మారిట్ భుజం మీద చేయి వేశారు. "బయటికి రా మారిట్, మాట్లాడుకుందాం."

మారిట్ లేచింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. గుప్పిట మాత్రం విప్పలేదు. చూపించకూడదన్నారు కదా.

లుండ్‌క్విస్ట్ గారు ఆమె వంక చూడలేదు. చేతిలో సుద్దముక్క పట్టుకుని, బల్ల మీద బుద్ధిగా ఆనించి ఉన్న మిగతా పదకొండు మంది చేతుల్నే చూస్తూ ఉండిపోయారు.

జవాబుల కాగితం ఎలా ఉంటుందో కూడా తెలియని మారిట్‌కి పడింది బొమ్మ.