నాలుగో గీత

పాలు లేని టీ కూడా ఒక టీయేనా? ఉఫా నగరంలోని లోహాల ల్యాబులో అచ్చులు సానపట్టే ముసలాణ్ణి, నాకీ శిక్షేంటి?

ఇంతలో జిల్యా ఏడుస్తూ వచ్చింది. "తాతయ్యా, రాగి కడ్డీలో రేణువులు ఇంకా ముతకగానే ఉన్నాయి! అదే ఆఖరి కడ్డీ, పరీక్షకి కోసేశారు కూడా. నా పీహెచ్‌డీ పోయింది."

"రేణువులు సన్నబడాలంటే వంపు అచ్చులోంచి నాలుగుసార్లు నొక్కాలి. నొక్కావా, కాకిపిల్లా?"

"నొక్కాను! బయటికి కడ్డీలో తేడా తెలీదు కదా, అందుకే నొక్కినప్పుడల్లా ప్రెస్ మీద సుద్దగీత గీశాను. నాలుగు లెక్కపెట్టాకే ఆపాను."

నా టీ తనవైపు జరిపాను. ఇంకేం చేయగలను?

మొన్న నొక్కడం మధ్యలో ఆపి, నా టీకి పాలు తేవడానికి తను వెళ్లింది. తిరిగొచ్చి తికమకపడితే నవ్వి, నిజం చెబుదామనుకున్నాను; కానీ కూర్చున్నచోటే కునుకు పట్టేసింది.

మూడు గీతల పక్కన నాలుగోది గీసింది నేనే.