తగువులు అమ్మబడును

అందరూ అమ్మే సబ్బులూ చొక్కాలూ నేనెందుకు అమ్మాలి? ఒంటరిగా బతికేవాళ్ళకు ఫోనులో తగువులు అమ్ముతానని ప్రకటించాను.

“డబ్బిచ్చి తగువెవడు కొంటాడ్రా?” అని అక్క పకపకా నవ్వింది. మాటకు మాట పెరిగింది. అలిగి, అద్దెగదికి వచ్చేశాను.

ఏడాదైనా నా వెబ్‌సైటుకు ఒక్క బేరమూ తగల్లేదు. గదిలో గోడలు మాత్రం నా ప్రతి వాదననూ ఒప్పుకునేవి.

ఇవాళ దుకాణం మూసేద్దామని కూర్చున్నాను. అప్పుడు వచ్చింది, మొట్టమొదటి ఆర్డరు.

ఆర్డరు ఫారంలో మొదటి ప్రశ్న, ఎవరిలా వాదించాలి? “మా తమ్ముడిలా. ఓడినా ఒప్పుకోడు.”

వాదించాల్సిన విషయం? “తగువులు ఎవరూ కొనరు.”

డబ్బు కట్టేసి ఉంది. ఇంతలో ఫోను మోగింది. వాదనకు సిద్ధమై ఎత్తాను.

“గెలిచావు కదరా,” అంది అక్క. “ఇంకా అలకేంటి?”