గోరువంక తెచ్చిన కబురు

చెరువు గట్టున పక్షులకో కట్టుబాటుంది. కబుర్లు చెప్పుకోవచ్చు, సొంత డబ్బా కొట్టకూడదు.

ఆ పొద్దున గోరువంక ఎగిరొచ్చింది. "గుడ్లు మింగే పాము బయల్దేరింది! ఎటు పోతోందో తెలియాలంటే నా చింతచెట్టు దగ్గరికి రండి."

"ఇది ప్రచారం కాదటే?" అన్నాడు కొంగతాత.

"నిజమైన కబురే కదా తాతా!"

నేలమీద గుడ్లు పెట్టిన తీతువుకు కాలు ఒక్కచోట నిలవలేదు. పాము జాడ తెలియకుండా గూటికి పోతే తానే దానికి దారి చూపినట్టవుతుంది. అందుకే చింతచెట్టు దగ్గరికి పరిగెత్తింది.

గోరువంక ముందు తన కొత్త గూడు చూపించింది, పాట వినిపించింది, ఆఖరికి "ఇసుకమేట వైపు" అంది.

తీతువు గూడు అక్కడే. వెళ్లేసరికి ఖాళీ.

"నేను నిజమే చెప్పాను కదా వదినా!" అంది వెనకే వచ్చిన గోరువంక.

"చెప్పావు. పాము నా గూటిదాకా వచ్చింది. నీ కబురు మాత్రం నీ చెట్టు దగ్గరే ఆగిపోయింది," అంది తీతువు.